గేటు దగ్గర ఆడటానికి కాదు, లోపల చూడటానికి పోదాం



ఇది కొంచెం పొడుగు పోస్టు. జీవో 3 గురించి కాదు, పోడు పట్టాల గురించి కాదు, ఫీజు రీయింబర్స్‌మెంట్ గురించి కూడా కాదు. ఆర్ట్ గ్యాలరీ గురించి. "మెస్‌లో నీళ్ల చారు పోస్తుంటే వీళ్లకు ఆర్ట్ గ్యాలరీ కావాల్సి వచ్చిందా" అని మీలో కొందరు అనుకుంటారు. మేం కూడా మొదట అట్లనే అనుకున్నం. చివరిదాకా చదివి అప్పుడు తిట్టండి.

మేం అంటే హైదరాబాద్‌లో ఒక ఎస్టీ హాస్టల్‌లో ఒకే గదిలో ఉండే నలుగురం. ఒకడు జైనూర్ దిక్కు గోండు పిలగాడు. ఒకడు కెరమెరి దిక్కు కోలాం. ఒకడు తాడ్వాయి దిక్కు కోయ. ఇంకొకడు మహబూబాబాద్ దిక్కు తండా నుంచి వచ్చిన లంబాడీ. బయట ఎన్ని గొడవలున్నా మా గదిలో బకెట్ ఒకటే, ఇస్త్రీ పెట్టె ఒకటే. నలుగురి ఇండ్లల్లో కూడా కాలేజీ మెట్లు ఎక్కింది మేమే మొదలు. కాబట్టి గ్యాలరీ అంటే ఏందో మాకు చెప్పిన పెద్దవాళ్లు ఎవరూ లేరు.

పోయిన జనవరిలో ఒక సీనియర్ అన్న ఫోన్ చేసిండు. "బంజారాహిల్స్‌లో ఎగ్జిబిషన్ ఓపెనింగ్ ఉంది. ట్రైబల్ డ్యాన్స్ చేసేటందుకు పిలగాళ్లు కావాలె. గంటన్నర పని, మనిషికి వెయ్యి, తిండి కూడా పెడ్తరు" అన్నడు. ఎగ్జిబిషన్ అంటే మాకు నాంపల్లి నుమాయిష్ ఒక్కటే తెలుసు. జెయింట్ వీల్ పక్కన మన డ్యాన్స్ ఏందని నవ్వుకున్నం. తర్వాత అర్థమైంది, ఇది బొమ్మలు గోడకు పెట్టి అమ్మే ఎగ్జిబిషన్ అని.

సెమిస్టర్ ఎగ్జామ్ ఫీజుకు ఆఖరి తారీకు దగ్గర పడ్డది. వెయ్యి రూపాయలు మాకు చిన్న మాట కాదు. ఒప్పుకున్నం. ఒప్పుకున్నాక అసలు మాట బయటికి వచ్చింది: "నెమలీకల టోపీలు పెట్టుకొని రావాలె."

జైనూర్ పిలగాడు లేచి బయటికి పోయిండు. ఎందుకో గోండు, కోలాం పిల్లలకు చెప్పాల్సిన పని లేదు. మిగతా వాళ్ల కోసం చెప్తున్నం. గుస్సాడీ టోపీ అలంకారం కాదు. దీపావళి ముందు దండారి మొదలైనప్పుడు పూజ చేసి తీస్తరు. పెట్టుకున్నోళ్లు ఒంటికి బూడిద పూసుకొని నియమం పాటిస్తరు, ఆ రోజుల్లో స్నానం కూడా చేయరు. టోపీ నెత్తి మీద ఉన్నంతసేపు ఆయన మామూలు మనిషి కాదు, దేవుడు. కొలబోడితో పండుగ ముగిసినాక మళ్లీ పూజ చేసి దాచిపెడ్తరు. జనవరిలో తీసుడు ఉండదు. ఆ మాటే ఫోన్‌లో చెప్పినం. అటు నుంచి వచ్చిన జవాబు: "ఏవో ఒక ఈకలు పెట్టుకోండి. ఎవరికి తెలుస్తది?"

ఆ మాట గుర్తు పెట్టుకోండి. ఈ పోస్టు మొత్తం ఆ మాట గురించే.

చివరికి ఈకలు లేకుండానే పోయినం. రుమాళ్లు కట్టుకొని, ధోతులు కట్టుకొని, ఒక డోలు పట్టుకొని పోయినం. జైనూర్ పిలగాడు రాలేదు. ఆయన ఫీజు మా డబ్బుల్లో నుంచి తలా కొంత వేసి కట్టినం. ఆడింది కూడా మా ఆట కాదు. మేం ముగ్గురం మూడు తెగలోళ్లం, మా ముగ్గురికీ కలిసి వచ్చే అడుగులు లేవు. యూట్యూబ్‌లో చూసి అరకు థింసా నేర్చుకొని ఆడినం. కార్లు దిగి వచ్చినోళ్లు ఫోన్లు తీసి వీడియోలు తీసుకున్నరు, నవ్వుకుంటూ లోపలికి పోయిండ్రు. ఒక్కరు కూడా ఇది ఏ ఊరి ఆట, మీరు ఏ తెగ అని అడగలేదు. నిజమే, ఎవరికీ తెలియలేదు.

మా పని గేటు దగ్గరే. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, రావద్దని కూడా ఎవరూ అనలేదు. వెనక వైపు డ్రైవర్లకు పెట్టిన చోట మాకూ పెట్టిండ్రు. బిర్యానీ బాగుంది, అబద్ధం చెప్పం. తినేటప్పుడు లంబాడీ దోస్తు అద్దంలో నుంచి లోపలికి చూస్తూ చెయ్యి ఆపిండు. గోడ మీద ఒక పెద్ద బొమ్మ, అడవి లెక్క రంగులు. దాని మధ్యలో అద్దాలు, గవ్వలు కుట్టిన పాత బట్ట ముక్క అతికించి ఉంది. "అది పేటియా ముక్క. మా నాయనమ్మ కుట్టు అచ్చం అట్లనే ఉంటది" అన్నడు. తర్వాత వాడు తినలేదు.

వారం తర్వాత నలుగురం కలిసి మళ్లీ పోయినం. ఈసారి ప్యాంటు షర్టు వేసుకొని, డోలు లేకుండా. మధ్యాహ్నం పూట. గేటు దగ్గర వాచ్‌మన్ "ఎవరి కోసం?" అని అడిగిండు. "చూడటానికి" అన్నం. పొమ్మన్నడు. అంతే. టికెట్ లేదు, పాస్ లేదు. లోపల ఏసీ చల్లగా ఉంది, జనం ఎవరూ లేరు. మేం చెప్పులు బయట విప్పి పోయినం. టేబుల్ దగ్గర కూర్చున్న అక్క "వేసుకొని రండి, పర్వాలేదు" అని నవ్వింది. మంచి అక్క. మేం అడిగిన ప్రతిదానికీ ఓపిగ్గా చెప్పింది. మాకు తెలిసింది మీకూ చెప్తున్నం, ఎందుకంటే ఇవి మనకు ఎవరూ చెప్పరు.

చిన్న ప్రైవేట్ గ్యాలరీల్లో ఎగ్జిబిషన్ సాధారణంగా కొన్ని వారాలు ఉంటుంది. చూడటానికి డబ్బులు అక్కర్లేదు. మొదటి రోజు సాయంత్రం ఓపెనింగ్ పెడతారు. ఆ రోజు కొనేవాళ్లు, ఆర్కిటెక్టులు, పేపర్ వాళ్లు, తోటి ఆర్టిస్టులు, ఆర్ట్ కాలేజీ పిల్లలు వస్తారు. బొమ్మ పక్కన చిన్న కాగితం ఉంటుంది. దాని మీద ఆర్టిస్టు పేరు, బొమ్మ పేరు, దేనితో చేశారు, ఎంత సైజు, ఏ సంవత్సరం అని రాస్తారు. ధర చాలాసార్లు దాని మీద ఉండదు, టేబుల్ దగ్గర లిస్టులో ఉంటుంది. అడిగితే చూపిస్తారు. కాగితం పక్కన ఎర్ర చుక్క అతికిస్తే ఆ బొమ్మ అమ్ముడైందని అర్థం. ఓపెనింగ్ రోజుకే కొన్నిటికి ఎర్ర చుక్కలు ఉంటాయి, ఎందుకంటే తెలిసిన కొనుగోలుదారులకు ఫోటోలు ముందే పంపిస్తారు. అమ్మిన ధరలో గ్యాలరీ కమీషన్ మామూలుగా మూడో వంతు నుంచి సగం దాకా ఉంటుంది.

ఇవన్నీ చూస్తే ఓపెనింగ్ అంటే జ్యూసు తాగి పోయే ఫంక్షన్ కాదని తెలుస్తుంది. ఎవరి పేరు గోడ మీద ఉండాలి, ఎవరి పేరు పేపర్‌లో రావాలి, రేపు ఎవరి బొమ్మకు ధర పెరగాలి అనే మాటలు చాలావరకు ఆ సాయంత్రమే నడుస్తాయి. ఆ సమయంలో మేం గేటు దగ్గర థింసా ఆడుతున్నం.

పేటియా ముక్క ఉన్న బొమ్మ దగ్గరికి పోయినం. కాగితం మీద ఆర్టిస్టు పేరు ఉంది. దేనితో చేశారనే చోట "కాన్వాస్ మీద యాక్రిలిక్, పాత వస్త్రం" అనే అర్థం వచ్చేటట్టు ఇంగ్లీషులో ఉంది. పాత వస్త్రం. అద్దాలు ఒక్కొక్కటి చుట్టూ దారం తిప్పి, గవ్వలు వరసగా కూర్చి, పగలు కూలికి పోయి రాత్రి దీపం ముందు కుట్టుకున్న బట్ట అది. మా దోస్తు నాయనమ్మకు ఒక పేటియా పూర్తి కావడానికి నెలలు పట్టేది. అది రంగు డబ్బా లెక్క సామాను అయిపోయింది. ఎవరు కుట్టిందో, ఏ తండాదో ఎక్కడా లేదు. లిస్టులో దాని ధర చూసినం. మా నలుగురి మూడేళ్ల చదువు ఖర్చు కలిపినా అంత కాదు.

ఆ ఆర్టిస్టు దొంగ అని మేం అనడం లేదు. పాత బట్టలు డబ్బులిచ్చే కొంటారు. అడవి మీద ఆయనకు నిజంగానే ప్రేమ ఉండొచ్చు. మా గొడవ ఒక్కటే. ఆ సాయంత్రం మనం రెండు రకాలుగా అక్కడ ఉన్నం. గేటు దగ్గర పేరు లేని మనుషులుగా, గోడ మీద పేరు లేని బట్టగా. చూసేవాళ్లలో మాత్రం మనం ఒక్కరం కూడా లేం. చూసేవాళ్లలో మనం లేనంత కాలం "ఎవరికి తెలుస్తది?" అనే మాట చెల్లుబాటు అవుతూనే ఉంటుంది. ఏవో ఈకలు పెట్టినా తెలియదు, ఏదో ఆట ఆడినా తెలియదు, పేటియాను పాత వస్త్రం అన్నా తెలియదు. తెలిసినోడు ఒక్కడు ఆ గదిలో నిలబడితే ఆ మాట అనడానికి నోరు రాదు.

ఇంకో ముచ్చట. ఆ ప్రాంతం పేరే బంజారాహిల్స్. ఒకప్పుడు ఆ గుట్టల మీద బంజారాలు ఉండేవాళ్లు కాబట్టే ఆ పేరు. ఇప్పుడు అక్కడికి మా దోస్తు చూడటానికి పోతే "ఎవరి కోసం?" అని అడుగుతున్నరు.

కొందరు అన్నలు అంటారు: "గ్యాలరీ ఉన్నోళ్ల పని, మన కళ మన ఊళ్లోనే ఉండాలె, అక్కడికి పోనే వద్దు." సగం నిజమే. తాడ్వాయి దోస్తు వాళ్ల పడిగె సంగతి చెప్పిండు. పూర్వీకుల బొమ్మలు ఉన్న ఆ గుడ్డను ఊరికే విప్పరు. ఇలవేల్పు కొలుపు అప్పుడే తీస్తరు. డోలి వాళ్లు వంశం కథ చెప్తుంటే గోత్రం మొత్తం కూర్చొని వింటది. ఏ బొమ్మ ఎవరిదో అక్కడున్న ముసలోళ్లకు తెలుసు. "మాది కూడా ఓపెనింగ్ నైటే, కాకపోతే మా దగ్గర కార్డు పంచరు" అన్నడు వాడు. అట్లాంటివి గ్యాలరీకి రావద్దు, రానివ్వద్దు. ఏది బయటికి పోవచ్చు, ఏది పోవద్దు అని చెప్పే హక్కు ఆ ఊరిది.

కానీ మొత్తానికే పోవద్దంటే మేం ఒప్పుకోం. ఎందుకంటే పోయి పేరుతో నిలబడ్డవాళ్లు ఉన్నారు. మన మార్లవాయి కనకరాజు గారిని చూడండి. గుస్సాడీని ఊరు దాటించి దేశానికి చూపించినా ఆయన ఎవరికీ తెలియని డ్యాన్సర్ కాలేదు. గురువు అయ్యారు. 2021లో పద్మశ్రీ ఆయన పేరు మీద, ఆయన ఊరి పేరుతో వచ్చింది. 2024లో ఆయన పోయినప్పుడు పేపర్లు కూడా ఆయన పేరుతోనే రాశాయి. కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. "ట్రైబల్ డ్యాన్స్ ట్రూప్"కు పద్మశ్రీ రాదు, పేరున్న మనిషికే వస్తుంది.

బొమ్మల్లో అయితే మధ్యప్రదేశ్ వైపు చూడాలి. భోపాల్‌లో 1982లో భారత్ భవన్ తెరిచారు. దాని మ్యూజియం చూసిన చిత్రకారుడు జె. స్వామినాథన్ ఆదివాసీల పనిని నగర ఆర్టిస్టుల పని ఉన్న కప్పు కిందే పెట్టాడు. ఆ భవనం కడుతున్నప్పుడు కూలికి వచ్చిన భిల్లు ఆడమనిషి భూరీ బాయి. ఆమెతో బొమ్మలు వేయించారు. ఇటుకలు మోసిన చోటే ఆమె బొమ్మలు గోడకెక్కాయి. 2021లో ఆమెకూ పద్మశ్రీ వచ్చింది.

పటన్‌గఢ్ ఊరి నుంచి జన్‌గఢ్ సింగ్ శ్యామ్ వచ్చాడు. ఆయన పర్ధాన్. మన ఆదిలాబాద్‌లో గోండుల కథలు పాడే పర్ధాన్లకు ఆయన వాళ్లు అన్నదమ్ముల లాంటోళ్లు. 1989లో పారిస్‌లో పాంపిడూ సెంటర్ పెట్టిన పెద్ద ప్రదర్శనలో ఆయన బొమ్మలు ఉన్నాయి. ఆయన వేసిన తీరును ఇప్పుడు "జన్‌గఢ్ కలమ్" అంటారు, అంటే ఒక మనిషి పేరుతో ఒక పద్ధతి. కానీ ఆయన కథ చివర కూడా మనం చదవాలి. 2001లో జపాన్‌లో ఒక మ్యూజియం కోసం బొమ్మలు వేయడానికి పోయి, నలభై ఏళ్ల వయసు కూడా దాటకముందే, ఇంటికి దూరంగా అక్కడే ప్రాణం తీసుకున్నాడు. పేరు వచ్చినంత మాత్రాన మనిషికి రక్షణ వచ్చినట్టు కాదు. ఒంటరిగా పోవద్దు, కాగితం లేకుండా పోవద్దు అని మేం అనేది అందుకే.

ఆయన దగ్గర నేర్చుకున్న బంధువు భజ్జూ శ్యామ్ భోపాల్‌లో నైట్ వాచ్‌మన్‌గా కూడా పని చేశాడు. 2002లో లండన్‌లో ఒక హోటల్ గోడల మీద బొమ్మలు వేయడానికి పోయాడు. తిరిగొచ్చి ఏం చేశాడో తెలుసా? లండన్‌నే గోండు కళ్లతో గీశాడు. వాళ్ల పెద్ద గడియారం ఆయనకు కోడిపుంజు లెక్క కనపడ్డది, ఎందుకంటే మన ఊళ్లో టైం చెప్పేది కోడే కదా. భూమి కింద పోయే రైలు వానపాము అయింది. 2004లో అది పుస్తకంగా వచ్చింది, 2018లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. మా నలుగురికి అన్నిటికంటే నచ్చింది ఇదే. ఆయన అక్కడికి పోయింది పనికే, గోడలకు రంగులు వేయడానికే. కానీ పోయినోడు చూసి వచ్చిండు.

ఒక చిన్న జాగ్రత్త కూడా. "గోండ్ పెయింటింగ్" పేరు విని నగరంలో చాలామంది మా జైనూర్ పిలగాణ్ణి "మీ ఇంట్లో కూడా ఇట్ల వేస్తరా?" అని అడుగుతరు. వాడు నిజం చెప్తడు: ఆ చుక్కల గీతల పద్ధతి మధ్యప్రదేశ్‌ది, మా దిక్కు పేరున్నది ఓజాలు పోసే ఇత్తడి బొమ్మలు. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. మనమే తేడా చెప్పకపోతే అందరం కలిపి ఒక్క "ట్రైబల్" అయిపోతం. మేం ఆ రోజు అరకు ఆట ఆడి చేసిన తప్పు కూడా అదే. దాన్ని ఇక్కడ ఒప్పుకుంటున్నం.

ఇప్పుడు మా మాట. గ్రూపు పెద్దలు చర్చ పెట్టండి, తప్పుంటే సరిదిద్దండి.

ఒకటి. ఓపెనింగ్‌కు డ్యాన్స్ అని పిలుపు వస్తే గ్రూపుకు చెప్పకుండా ఎవరూ ఒప్పుకోవద్దు. డబ్బు అవసరం మాకు తెలియంది కాదు, మేం కూడా దాని కోసమే పోయినం. అందుకే కట్టుబాటు ఉండాలి. మన ఆటే ఆడాలి, దాని పేరు, తెగ పేరు, ఊరి పేరు ముందు మైకులో చెప్పాలి. పూజ వస్తువులు తేవడం ఉండదు. ఆట అయ్యాక అందరితో పాటు లోపలికి పోవాలి, అందరితో పాటు తినాలి.

రెండు. పిలవకపోయినా చూడటానికి పోదాం. ఓపెనింగ్ వివరాలు చాలా గ్యాలరీలు ఇన్‌స్టాలో పెడతాయి, చాలావాటికి ఎవరైనా పోవచ్చు. నలుగురు కలిసి పోతే భయం ఉండదు. హాస్టల్ గేటు మూసే టైంతో ఇబ్బంది ఉంటే మామూలు రోజు మధ్యాహ్నం పోండి. చెల్లెళ్లకు ఇంకా సులువు, ఆ టైంలో జనం ఉండరు, ప్రశాంతంగా చూడొచ్చు. మాదాపూర్‌లో ప్రభుత్వ స్టేట్ గ్యాలరీ ఉంది. మాసబ్ ట్యాంక్ దగ్గర మన గిరిజన మ్యూజియం ఉంది. అక్కడ మొదలుపెట్టినా మంచిదే.

మూడు. బొమ్మ పక్కన కాగితం చదవండి. మనకు సంబంధించింది ఉండి మన పేరు లేకపోతే మర్యాదగా అడగండి. కొట్లాట అక్కర్లేదు, "ఇది ఎవరు కుట్టిండ్రు?" అనే ఒక్క ప్రశ్న చాలు.

నాలుగు. మనలో బొమ్మలు గీసే పిల్లలు చాలామంది ఉన్నారు. ప్రతి బొమ్మ మీద పేరు, సంవత్సరం వేయండి, ఫోటో తీసి పెట్టుకోండి. ఎవరికైనా ఇస్తే ధర ఎంత, కమీషన్ ఎంత, డబ్బులు ఎప్పుడు అనేది కాగితం మీద రాయించుకోండి. లా చదివే అన్నలు ఒక నమూనా కాగితం తెలుగులో తయారు చేసి గ్రూపులో పెడితే చాలామందికి పనికొస్తుంది.

జీవో 3 గురించి కాదు అని మొదట్లో రాసినం. ఇప్పుడు రాస్తుంటే అంత దూరం కూడా లేదనిపిస్తోంది. మన ఊళ్లో మనకు చదువు చెప్పేది ఎవరు, మన భూమి ఎవరిదని రాసేది ఎవరు, మన బట్ట మీద పేరు రాసేది ఎవరు? అన్ని చోట్లా రాసే చెయ్యి మనది కాదు, చదివి తప్పు పట్టే కన్ను కూడా మనది కాదు. కన్నుతోనన్నా మొదలు పెడదాం. దానికి బస్సు చార్జీ తప్ప ఖర్చు లేదు.

ఆ రోజు మేం వచ్చేముందు టేబుల్ దగ్గరి అక్కకు పేటియా సంగతి చెప్పినం. ఆమె రాసుకుంది, ఆర్టిస్టుకు చెప్తానన్నది. తర్వాత మళ్లీ పోయి చూస్తే కాగితం మారలేదు. ఎగ్జిబిషన్ కూడా అయిపోయింది. కానీ ఆ మొదటి రోజే ఆమె వచ్చినోళ్లు రాసే రిజిస్టర్ మా ముందు పెట్టింది. పేరు, ఊరు, ఫోన్, అభిప్రాయం అని గళ్లు ఉన్నాయి. మా కంటే పైన ఊరి గడిలో జూబ్లీహిల్స్, ముంబై, మళ్లీ జూబ్లీహిల్స్ అని ఉన్నాయి. మేం హైదరాబాద్ అని రాయలేదు. జైనూర్, కెరమెరి, తాడ్వాయి అని ముగ్గురం మా మండలాలు రాసినం. లంబాడీ దోస్తు తండా పేరు మొత్తం రాసి, అభిప్రాయం గడిలో తెలుగులో ఇట్లా రాసిండు: "నడిమిట్ల ఉన్న బట్ట పేటియా. దాన్ని కుట్టింది ఒక యాడి."

యాడి అంటే అమ్మ. ఆ పేజీ చదివినోళ్లు ఎవరినైనా అడిగి తెలుసుకోవాల్సిందే.

సేవా జోహార్. జై ఆదివాసీ.